పేరు చెప్పని బటన్లు

కిందటి వారం మెరుపుని పెద్దాస్పత్రి వరండాలో నిలబెట్టి వచ్చాం. చేతిలో పూలగుత్తి ఇంకా అలాగే ఉంది. ఆ ఆస్పత్రి వెబ్‌సైటునే పరుగులు పెట్టించినందుకు సభలో చప్పట్లు కొట్టి మరీ ఇచ్చిన పూలగుత్తి అది. ఆ చప్పట్ల మధ్యే పిన్ని ఫోన్ చేసింది. "బాబాయిని ఆస్పత్రిలో చేర్చాం. కాలి వేలు తీసేశారు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. ఫొటో కోసం పిలుస్తున్నా వినిపించుకోకుండా మెరుపు వేదిక దిగి వచ్చేసింది.

వార్డు గుమ్మం దగ్గర ఆగింది. ఆ పూలగుత్తితో లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. బయట కుర్చీలో ఎవరో పెద్దావిడ కునికిపాట్లు పడుతోంది. గుత్తిని ఆవిడ పక్కన పెట్టేసి, చేతులు దులుపుకుని లోపలికి నడిచింది.

కిటికీ పక్క మంచం మీద బాబాయి వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. కుడి పాదానికి లావుపాటి కట్టు. అడుగుల చప్పుడు వినగానే మొహం ఇటు తిప్పాడు.

"వచ్చావా అమ్మడూ? నీ సభ అయిపోయిందా?"

"అయిపోయింది బాబాయ్."

"అబద్ధం. ఇంత తొందరగా ఏ సభా అవదు. వక్తలు ఊరుకుంటారా?" అని నవ్వాడు. "ఏం కంగారు పడకు. పోయింది చిటికెన వేలు. అదీ కాలిది. టైపు కొట్టడానికి పనికొచ్చేదేం కాదు."

పిన్ని నవ్వలేదు. మందుల సంచి సర్దుతూ తల కూడా ఎత్తలేదు.

బాబాయికి పుట్టుకతోనే చూపు లేదు. అలాంటి మనిషి ఊళ్ళో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టి, చూపున్నవాళ్ళకి ముప్ఫై ఏళ్ళపాటు టైపింగు నేర్పాడు. చదువు కోసం వాళ్ళింట్లోనే పెరిగిన మెరుపుకీ ఆయనే నేర్పాడు. అక్షరాల మీద తువ్వాలు కప్పేసి, "కళ్ళు ఊరికే అడ్డం వస్తాయి, వేళ్ళని నమ్ము" అనేవాడు. ఆయన వేళ్ళ గురించి వీధి వీధంతా గొప్పగా చెప్పుకునేది. తప్పు పడిందని ఆయన కొట్టిన కాగితం వెనక్కి తెచ్చినవాడు లేడు.

"అసలు ఇంతదాకా ఎలా వచ్చింది? షుగరు చూపించుకుంటూనే ఉన్నారుగా?" అంది మెరుపు.

పిన్ని సంచి కింద పెట్టింది.

"చూపించుకుంటూ ఉంటే ఇంతదాకా ఎందుకొస్తుంది? మూడుసార్లు వెళ్ళాం. వెళ్ళిన ప్రతిసారీ కౌంటర్లో అమ్మాయి మీ పేరు లేదు పొమ్మంది. పుండు పెద్దదవుతోంది, లోపలికి పంపండమ్మా అంటే, సైటులో బుక్ చేసుకుని రండి అంది. ఈయనేమో బుక్ చేశానంటాడు. నేను చేస్తానంటే చెయ్యనివ్వడు. నీకు ఫోన్ చేస్తే పనిలో ఉన్నాను పిన్నీ, మళ్ళీ చేస్తానన్నావు. మళ్ళీ అంటే ఎప్పుడో నాకు తెలీదు కదా."

"దాన్ని అనకు. తప్పంతా నాదే" అన్నాడు బాబాయి.

మెరుపు మంచం అంచున కూర్చుంది. బాబాయి తలగడ పక్కన తడిమి ఫోన్ తీశాడు.

"అమ్మడూ, ఇది నీతో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు. నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. షుగరు వల్లేనేమో. నువ్వు చేసిన సైటు ఎంత బాగుందో ఊరంతా చెప్తున్నారు. రెప్పపాటులో తెరుచుకుంటోందట. నాకే సరిగ్గా నొక్కడం రావట్లేదు. ఇదివరకు చక్కగా చేసుకునేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడ నొక్కుతున్నానో తెలియట్లేదు. పిన్నికి ఇస్తే తను చేసేస్తుంది. కానీ మా అమ్మాయి చేసిన సైటు నేనే వాడుకోగలను అని అందరి దగ్గరా డప్పు కొట్టుకున్నానాయె. ఒక్కసారి నేర్పి పెట్టు. మళ్ళీ అడగను."

ఆస్పత్రి పేజీ తెరిచాడు. తెరుచుకోవడం నిజంగానే రెప్పపాటు. వేలు అద్దం మీద మెల్లగా జరిపాడు. చూపులేనివాళ్ళ ఫోన్ వేలి కింద ఏముందో చదివి చెబుతుంది. ఆ ఫోన్ గొంతు ఇలా చెప్పింది:

"బటన్."

వేలు పక్కకి జరిపాడు.

"బటన్."

ఇంకాస్త కిందికి.

"బటన్."

"చూశావా?" అన్నాడు బాబాయి, నేరం చేసినవాడిలా. "ఇదివరకు డాక్టర్ పేర్లు, తేదీ ఎంచుకోండి, ఖాయం చెయ్యండి అని విడివిడిగా చెప్పేది. నేను తప్పు చోట నొక్కుతున్నట్టున్నాను. ఎలాగో లెక్క గుర్తుపెట్టుకుని కిందిదాకా వెళ్ళి ఆఖరిది నొక్కుతా. ఆ తర్వాత ఏం చప్పుడుండదు. అయిపోయిందనుకుంటా."

అయిపోలేదని మెరుపుకి తెలుసు. ఆఖరి బటన్ నొక్కాక ఒక చిన్న గడి తెరుచుకుని 'సరేనా' అని అడుగుతుంది. చూసేవాళ్ళకి కనిపిస్తుంది. చూడలేనివాళ్ళకి వినిపించాలి. వినిపించేది.

వినిపించకుండా చేసింది తనే.

ఆ సంగతి ఇక్కడ చెప్పాలి. మెరుపు అని ఆఫీసువాళ్ళు పిలవడం మొదలుపెట్టింది ఈ సైటు తర్వాతే. అంతకుముందు ఆ పేజీ తెరుచుకునేలోపు టీ తాగి కప్పు కడిగి బోర్లించుకోవచ్చని రోగుల బంధువులు జోకులేసుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఎవరికి తోచింది వాళ్ళు అందులో పడేస్తూ పోయారు. రంగులూ అక్షరాల సైజులూ చెప్పే స్టైల్‌షీట్లు ఒకదాని మీద ఒకటి. పేజీతో పనులు చేయించే స్క్రిప్టు ఫైళ్ళు గంపెడు. ఏది ఎందుకుందో అడిగితే చెప్పే నాథుడు లేడు. మెరుపు నడుం బిగించింది. అక్కర్లేని రూల్సు ఏరి పారేసింది. విడివిడి ఫైళ్ళని కలిపి ఒకటి చేసింది. మధ్యలో ఖాళీలు పిండేసి కుదించింది. కంటికి ముందు కావాల్సింది ముందు వచ్చేట్టు, మిగతాది నెమ్మదిగా తర్వాత వచ్చేట్టు మార్చింది. ఇదంతా మంచి పనే. చెయ్యాల్సిన పనే.

ఒక్క ఫైలు దగ్గర మాత్రం బండి ఆగింది. పేజీలో బటన్లన్నీ బొమ్మలు. ఏ బొమ్మ ఏమిటో చదివి చెప్పే ఫోన్లకి పేర్లు అందించేది, గడి తెరుచుకుంటే తెరుచుకుందని చెప్పేది ఆ స్క్రిప్టే. బరువైన ఫైలు. అది వచ్చేదాకా పేజీ గుమ్మంలోనే నిలబడిపోయేది. మర్నాడు ఆస్పత్రి పెద్దలకి చూపించాలి. పక్క కుర్చీలో పనిచేసే అతన్ని ఆఫీసులో అందరూ నిదానం అని పిలుస్తారు. ఏ పనీ రెండుసార్లు చూడందే వదలడు మరి. "తీసెయ్యకు. పేజీ కనిపించాక వచ్చేట్టు చివర్లో పెడదాం. ఒక్క పూట పని" అన్నాడతను.

"ఆ ఒక్క పూటే లేదు. అయినా ఎవరు వాడతారు ఇది?" అంది మెరుపు.

అని తీసేసింది.

అప్పుడు బాబాయి గుర్తుకు రాలేదా అంటే, వచ్చాడు. సిగ్గుచేటైన సంగతి అదే. ఒక్క క్షణం ఆయన మొహం కళ్ళ ముందు మెదిలింది. 'పిన్ని ఉందిగా, చూసుకుంటుంది' అనుకుంది. తర్వాత తీరిగ్గా పెడదామనుకుంది. తర్వాత మరిచిపోయింది. తర్వాత పూలగుత్తి ఇచ్చారు.

"నీ వేళ్ళు బాగానే ఉన్నాయి బాబాయ్" అంది.  "సైటులోనే ఏదో తేడా ఉంది."

"తేడానా? నువ్వు చేసిందాంట్లోనా?"

ఆయన మొహంలో ఆశ్చర్యం తప్ప అనుమానం లేదు. ఎదురుగా పిన్ని చూస్తోంది. నేనే తీశాను అనడానికి నోరు తెరిచింది. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"అంటే... నేను కాదు. ఆఫీసులో ఎవరో ఒకతను ఒక ఫైలు తీసేసినట్టున్నాడు. నేను చూసి పెట్టిస్తాను."

 బాబాయి రెండు చేతుల వేళ్ళూ దుప్పటి మీద మెల్లగా ఆడించాడు, టైపు కొడుతున్నట్టు. ఒక్కో వేలూ వంచి చూసుకున్నాడు.

"అయితే వీటికేం కాలేదన్నమాట" అన్నాడు. మొహం చిన్నపిల్లాడిలా వెలిగింది. "విన్నావుటే? నా వేళ్ళకేం కాలేదు."

పిన్ని కొంగు కళ్ళకి అద్దుకుంది. మెరుపు కిటికీ వైపు తిరిగింది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, గోడ తప్ప.

*

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి నిదానం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ ఫైలు మళ్ళీ పెట్టాలి" అంది. ఎందుకని అతను అడగలేదు. నేను ముందే చెప్పానుగా అనలేదు. ఆ ఒక్క మాటా అనేస్తే బాగుండును, దులిపేసుకుని పోట్లాడొచ్చు అనిపించింది ఆమెకి. అతను కళ్ళజోడు సవరించుకుని పని మొదలెట్టాడు.

పేజీ కనిపించాక చప్పుడు లేకుండా వెనకాల వచ్చి చేరేట్టు పెట్టారు. కాలం చెల్లిన ముక్కలు కొన్ని కోసేస్తే ఫైలు సగమైంది. భోజనాల వేళకి పని అయిపోయింది. వేగం కొలిచి చూశారు. ఏమీ తగ్గలేదు. తగ్గి ఉంటే, పోనీ ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోక తప్పలేదని మనసుకి సర్దిచెప్పుకునేది. వదులుకోవాల్సిందేమీ లేదు. ఒక్క పూట చాలు. అంతకి బాబాయి వేలు పోయింది.

నిదానం ఫోన్ తీసి కళ్ళు మూసుకుని అద్దం మీద వేలు జరిపాడు. "డాక్టర్‌ని ఎంచుకోండి" అంది ఫోన్. అతను కళ్ళు తెరిచి తలూపాడు.

"మేనేజరు గారికి చెప్దామా?" అన్నాడు.

"ఇప్పుడెందుకు? సరిచేశాంగా" అంది మెరుపు. అంటూనే తలకాయ కిందికి దించేసింది. అతను తన తెర వైపు తిరిగాడు.

మేనేజరు అప్పుడు వేరే హడావిడిలో ఉన్నాడు. ఈ సైటు చూసి ఇంకొన్ని ఆస్పత్రులవాళ్ళు తమకీ ఇలాంటిదే కావాలని మాట్లాడుతున్నారు. ఎవరొచ్చినా మెరుపుని పిలిచి, "ఇదిగో, ఈవిడే" అని చూపిస్తున్నాడు. పిలిచినప్పుడల్లా ఆమె వెళ్ళి నిలబడుతోంది. చెయ్యి కలుపుతోంది. తిరిగొచ్చి కూర్చున్నాక ఆ చేతిని కాసేపు ఒళ్ళో దాచుకుంటోంది.

సాయంత్రాలు బాబాయి దగ్గరికి వెళ్ళేది. ఆయన వార్డులో అందరికీ తన ఫోన్లోనే బుక్ చేసి పెడుతున్నాడు. "మళ్ళీ మాట్లాడుతోందమ్మడూ. చెప్పిన మర్నాటికే పెట్టించావు" అని నర్సులందరికీ వినిపించేట్టు చెప్పేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ తీసినతన్ని ఏమీ అనలేదు కదా?"

"లేదు బాబాయ్."

"అనకు. కుర్రతనం అయి ఉంటుంది. కానీ ఒకసారి నేను మాట్లాడాలి అతనితో."

"ఎందుకులే బాబాయ్, అయిపోయిందిగా" అని మాట దాటేసింది. దాటేసిన మాట అక్కడితో పోలేదు.

*

బాబాయి ఇంటికొచ్చిన వారంలోపే ఒక మధ్యాహ్నం ఆఫీసు ముందుగదిలో అలికిడి అయింది. చక్రాల కుర్చీలో బాబాయి, వెనక పిన్ని. వాళ్ళతోపాటు చేతికర్రలు పట్టుకుని ఇంకో ఐదారుగురు. గచ్చు మీద కర్రల టకటక విని కుర్చీల్లోంచి తలలన్నీ లేచాయి. 

మేనేజరు గబగబా ఎదురెళ్ళాడు. బాబాయి నమస్కారం పెట్టాడు.

"పోట్లాటకి రాలేదండీ. మేమంతా చూపులేనివాళ్ళ సంఘం. ఈ మధ్య ఆస్పత్రి సైటు మాతో మాట్లాడ్డం మానేసింది. ఎవరికి వాళ్ళం మా చేతకానితనమే అనుకుని నోరు మూసుకు కూర్చున్నాం. మా అమ్మాయి చెప్పాకే తెలిసింది, ఇక్కడెవరో ఒక ఫైలు తీసేశారని. తనే పట్టుబట్టి మళ్ళీ పెట్టించింది. తనకి కృతజ్ఞత చెప్పాలని వచ్చారు వీళ్ళంతా. రెండోది, ఆ తీసినతనితో రెండు మాటలు మాట్లాడాలి. కోపంగా కాదు. మా ఫోన్ ఒకసారి అతని చేతికిచ్చి, కళ్ళు మూసుకుని వాడి చూడమని. అంతే."

మేనేజరుకి ఏమీ అర్థం కాలేదు. ఫైలేమిటి, తియ్యడమేమిటి అన్నట్టు చుట్టూ చూశాడు. ఆ సైటు మీద పనిచేసింది ఇద్దరే. ఒకరికి పూలగుత్తి వచ్చింది. కాబట్టి చూపు రెండోవాడి మీద పడింది.

"నువ్వు తీశావా?"

నిదానం లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. మెరుపు వైపు చూడలేదు. చూస్తే చెప్పినట్టే అవుతుందని కాబోలు, గచ్చు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"అడుగుతుంటే మాట్లాడవేం?" అన్నాడు మేనేజరు గొంతు పెంచి. "ఇంతమంది ముందు ఆఫీసు పరువు తీశావు. మాట కూడా రాదా?"

బాబాయి కుర్చీలో ముందుకి వంగాడు. "నువ్వేనా బాబూ? భయపడకు. ఇలా రా" అని గాల్లోకి చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి అలా ఎవరి కోసమో చాచి ఉంది. నిదానం ఒక అడుగు ముందుకి వేశాడు. వెళ్ళి ఆ చెయ్యి పట్టుకునేట్టే ఉన్నాడు. ఇంకొక్క అడుగు పడితే తన తప్పు శాశ్వతంగా అతనిదైపోతుంది. తను ఇలాగే మెరుపుగా మిగిలిపోతుంది.

"అతను కాదు బాబాయ్" అంది.

నిదానం వెయ్యబోయిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"నేను తీశాను. తియ్యొద్దని అతను చెప్పాడు. చెప్పినా తీశాను."

మేనేజరు గిర్రున తిరిగాడు. పిన్ని చక్రాల కుర్చీ పిడిని గట్టిగా పట్టుకుంది.  బాబాయి చాచిన చెయ్యి మెల్లగా ఒళ్ళోకి వచ్చేసింది.

"నువ్వా?"

"నేనే."

"తెలిసే తీశావా? అదేం చేస్తుందో తెలిసి?"

"తెలిసే. నువ్వు గుర్తొచ్చావు కూడా. పిన్ని ఉందిగా అనుకున్నాను."

చెప్పాక గుండె తేలికవుతుందని అందరూ అంటారు. ఆమెకేమీ తేలిక కాలేదు. నిలువునా తోలు ఒలిచినట్టుంది. ఆఫీసంతా తననే చూస్తోంది. చూడలేనివాళ్ళు ఐదారుగురూ తన వైపే మొహాలు తిప్పి వింటున్నారు. చూసేవాళ్ళ చూపుల నుంచి తల దించుకుని తప్పించుకోవచ్చు. వినేవాళ్ళ నుంచి ఎలా తప్పించుకోవాలో తెలియలేదు.

"మరి ఆస్పత్రిలో అడిగినప్పుడు ఎవరో ఒకతను అన్నావు."

"సిగ్గేసింది బాబాయ్."

బాబాయి తల పంకించాడు. 

"నాకూ సిగ్గేసే నీకు చెప్పలేదు. నా సిగ్గుకి నా వేలు పోయింది, సరే. నీ సిగ్గుకి ఈ పిల్లాడి ఉద్యోగం పోయుండేది." మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. "వేలు పోయినందుకు కాదు అమ్మడూ. వేళ్ళు బాగానే ఉన్నాయని చెప్పి ఆ రోజు నన్ను ఎంత సంతోషపెట్టావో. ఆ సంతోషంలో అబద్ధం కలిపావు. అది నాకు కష్టంగా ఉంది."

అంతే అన్నాడు. తిట్టలేదు. "పద, ఇంటికి పోదాం" అన్నాడు పిన్నితో.

మేనేజరు మెరుపు పక్కకి వచ్చి, పళ్ళ బిగువున, "ఇంకొక్క మాట మాట్లాడకు. లాయరుతో మాట్లాడేదాకా నోరు విప్పకు. ఆ ఆస్పత్రులవాళ్ళకి తెలిస్తే మనందరం రోడ్డున పడతాం" అన్నాడు. తర్వాత పైకి నవ్వు తెచ్చుకుని, "అందరికీ టీ చెప్పానండీ, కూర్చోండి" అన్నాడు.

ఎవరూ కూర్చోలేదు. చక్రాల కుర్చీ గుమ్మం వైపు తిరిగింది. కర్రలు దాని వెనక కదిలాయి. ఒక్క కర్ర కదల్లేదు.

అది పట్టుకున్నది పిల్లలకి సంగీతం చెప్పుకునే టీచరు. నలభై దాటిన మనిషి. వచ్చినప్పటి నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదు. ఇప్పుడు మెరుపు గొంతు వినిపించిన వైపు రెండడుగులు వేసింది.

"అమ్మా, ఆ ఫైలు ఎప్పుడు తీశారు?"

మేనేజరు అడ్డం వచ్చాడు. "అవన్నీ తర్వాత రాతపూర్వకంగా..."

"బడులు తెరిచిన వారం" అంది మెరుపు.

టీచరు కర్రని రెండు చేతులతో పట్టుకుంది. "బడులు తెరిచిన వారం" అని తనలో తను అనుకుంది. "అయితే ఆ తర్వాతే. మా అమ్మకి గుండె పరీక్ష కోసం నేను బుక్ చేసింది ఆ తర్వాతే."

టీచరు మెరుపు వైపే మొహం పెట్టి చెప్పుకుపోయింది.

"మా అన్నయ్య పొరుగూళ్ళో ఉంటాడు. అమ్మని చూసుకునేదాన్ని నేనే. డాక్టరు తొందరగా పరీక్ష చేయించమన్నాడు. అన్నయ్య నేను చేస్తానంటే, నువ్వు పనిలో ఉంటావు, ఫోన్లో నేనే చేసుకుంటాను అన్నాను. ఆఖరిదాకా నొక్కాను. అయిపోయిందనుకున్నాను. తీరా తీసుకెళ్తే పేరు లేదన్నారు. మళ్ళీ చేశాను. మళ్ళీ లేదన్నారు. మూడోసారి వెళ్ళడానికి అమ్మ లేదు."

 చక్రాల కుర్చీ గుమ్మంలోనే ఆగిపోయింది. బాబాయి మొహం ఇటు తిరిగింది.

"అన్నయ్య పోయిన అమ్మ పక్కనే కూర్చుని ఒక మాట అన్నాడు. నీకు చేతకాదని తెలిసి కూడా నీ చేతికి వదిలేశాను చూడు, అది నా తప్పు, అన్నాడు. ఆ తర్వాత నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేనూ ఎదురు చెప్పలేదమ్మా. నిజమే అనుకున్నాను. ఏదో నొక్కాల్సింది నొక్కలేదు, నా వల్లే అమ్మ పోయిందనుకున్నాను. పిల్లలకి పాట చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోతుంటాను. ఏం టీచర్ అంటారు. ఏం లేదంటాను."

"క్షమించమని అడిగే మొహం కూడా..." అని మెరుపు మొదలెట్టింది. 

"క్షమాపణ నాకెందుకు?" అంది టీచరు. ఆ గొంతులో కోపం వెతికింది మెరుపు. కోపం ఉంటే తట్టుకోవచ్చు. అక్కడ ఏదో ఊరట లాంటిది ఉంది. అది ఇంకా భయంగా ఉంది. "పరీక్ష జరిగితే అమ్మ బతికేదో లేదో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. కానీ నేను సరిగ్గానే నొక్కాను కదా?"

"సరిగ్గానే నొక్కారు."

"తప్పు నాది కాదు కదా?"

"మీది కాదు. నాది."

"ఇంకోసారి చెప్పాలి. నాకు కాదు."

టీచరు సంచిలోంచి ఫోన్ తీసింది. వేలు అద్దం మీద జరిపింది. "అన్నయ్య" అని చదివింది ఫోన్.  ఆ పేరు నొక్కింది. ఫోన్ మెరుపు వైపు చాచింది.

"నేను చేస్తే ఎప్పుడో గానీ ఎత్తడు, ఎత్తినా తిట్టి పెట్టేస్తాడు. ఈ రోజు ఎత్తితే నా అదృష్టం. నేను చెప్తే నమ్మడు. మీరు చెప్పండి."

"తీసుకోకు" అన్నాడు మేనేజరు. ఈసారి గొంతు తగ్గించలేదు. "చెప్తున్నాను, ఆ ఫోన్ పట్టుకున్నావంటే ఈ ఆఫీసుకీ నీకూ చెల్లు."

నిదానం గచ్చు మీది నుంచి చూపు ఎత్తి మొదటిసారి ఆమె వైపు చూశాడు. గుమ్మంలో బాబాయి ఇటే చెవి పెట్టి వింటున్నాడు.

మెరుపు ఫోన్ అందుకుంది.  చెవి దగ్గర పెట్టుకుంది. అవతల రింగవుతోంది. ఎత్తకపోతే బాగుండునని ఒక మనసు, ఎత్తితే బాగుండునని ఒక మనసు. ఎంతకీ ఎత్తడే అనుకునేలోపు రింగు ఆగిపోయింది.

"ఎన్నిసార్లు చెప్పాను నాకు చెయ్యొద్దని?" అంది ఒక మగగొంతు, అలిసిపోయినట్టు. ఎవరో పసిపిల్ల ఏడుపు వెనక వినిపిస్తోంది. "అమ్మని చంపినదానివి, ఇంకా ఏం మాట్లాడాలని చేస్తున్నావు?"

చెల్లెలనుకునే అన్నాడు ఆ మాట. ఫోన్ శబ్దం పెద్దదిగా పెట్టి ఉండడంతో గదిలో అందరికీ వినిపించింది. టీచరు మొహం తిప్పుకోలేదు. ఆ మాట ఆమెకి కొత్త కాదు.

"హలో" అంది మెరుపు. "మీ చెల్లెలు కాదండీ మాట్లాడేది."

"మరెవరు?"

(తరువాయి వచ్చే వారం)